జంక్షన్ ఊరి పెద్ద గుడి

మంచిర్యాలలోనో, పెద్దపల్లిలోనో, జమ్మికుంటలోనో విజయవాడ రైలెక్కేవాళ్లకు డోర్నకల్ అంటే కొత్తగూడెం బొగ్గు లైను చీలే జంక్షన్. రైలు కాసేపు ఆగి కదిలిపోతుంది. దిగి చూడదగ్గ ఊరది. నిజాం రాజ్యంలో మారుమూల పల్లెగా ఉన్న ఆ చోటే ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌కు పీఠమైంది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో సొంతంగా పెట్టుకున్న మిషనరీ సొసైటీ తరఫున 1909లో డోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, మాల మాదిగ వాడల్లో తిరిగారు. మరుసటి ఏడు ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగం చూశాం, ఇక మాతో స్నేహంగా ఉండండి అని అడిగారు. ఆ రోజుల్లో అలా అడగడానికి ఎంత గుండె కావాలి! 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు.

డోర్నకల్‌లో గుడి కట్టడంలోనూ ఆయనది అదే పట్టుదల. మెదక్‌లో మిషనరీ పాస్నెట్ దొర కట్టించి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి గొప్పది, కాదనను. కరువు రోజుల్లో ఆ పని ఎంతోమందికి కూడు పెట్టింది. కానీ 173 అడుగుల శిఖరంతో సహా దాని రూపం ఇంగ్లండు వాస్తుశిల్పులు గీసింది. డోర్నకల్ గుడి మన కంటికి ముందే తెలిసినట్టుంటుంది. పైన హైదరాబాదు మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు. లోపల ఆలయ మండపంలో లాంటి స్తంభాలు. క్రైస్తవుడైనవాడు తన నేలకు పరాయివాడు కానక్కర్లేదని అజరయ్య జీవితమంతా చెప్పిన మాట ఆ రాళ్లలో కనిపిస్తుంది. వాడ జనం తలెత్తుకుని నడిచి వచ్చే చోటు అలా ఉండటమే న్యాయమనిపిస్తుంది నాకు.

పని ఏళ్ల తరబడి సాగింది. 1939 జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు శిశువు యేసును దర్శించుకున్న ఎపిఫనీ పండుగ నాడు, ఆ పండుగ పేరుతోనే ప్రతిష్ఠ జరిగింది.

మరో ఆరేళ్లకు, 1945 జనవరి 1న, బిషప్ డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919 నాటి తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడిన మనిషి ఆయన. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడే నాటికి ఆయన లేరు. ఈనాడు కరీంనగర్ డయాసిస్ చర్చిలు ఉన్నది ఆ సి.ఎస్.ఐ.లోనే.