ఒక యేటి చదువు

ఏబది దాటిన పిమ్మట మరల విద్యార్థి కాదలచిన వారికి కాలమే మొదటి గురుదక్షిణ. హిందీ గ్రంథములను తెనిగించుచు ముప్పదేండ్లు గడిపితిని. ఒక రాజ్యపు మాటను మరియొక రాజ్యము ఎట్లు గ్రహించునో తెలిసికొనుటకై అంతర్జాతీయ సంబంధముల శాస్త్రము చదువవలెనని నా కోరిక.

ఢిల్లీలో ఈ శాస్త్రమునకై 1955లో వెలసిన సంస్థ 1970లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున చేరినది. అక్కడ ఎం.ఏ. రెండేండ్లు. వేల్సులోని అబరిస్ట్విత్‌లో ప్రపంచముననే మొదటిదగు ఆచార్యపీఠము 1919లో ఏర్పడినది. అక్కడ ఒక్క యేడు. నాకు జీతములేని సెలవు ఏడాదికి మించి దొరకదు. ఢిల్లీకి పోయినచో ఉద్యోగము వదలవలెను. వేల్సుకు పోయినచో ఇంటికై దాచిన సొమ్ము వెచ్చింపవలెను.

సొమ్మునకు తగిన ఫల మేది? ఏడాది చదువులో తరగతులు త్వరగా ముగియును. వేసవిలో వ్రాయు సిద్ధాంతవ్యాసమే మిగులును. కావున ప్రశ్నను వెంట తీసికొనిపోవువారికే అది తగినది.

నా ప్రశ్న యిది. టిబెట్టు వర్తకమును గూర్చి భారత చైనాలు 1954 ఏప్రిల్ 29న చేసికొన్న ఒప్పందమునకు పంచశీలము పీఠిక. హిందీ, చైనీయ, ఆంగ్ల పాఠములు మూడును సమప్రమాణములు. మూడింట పలికిన మాట ఒక్కటియేనా? భద్రతామండలి 1967 నాటి 242వ తీర్మానమున, ఇజ్రాయెలు విడువవలసిన భూభాగము లేవి యను వివాదము, ఆంగ్లమున లేని చిన్న ఉపపదము ఫ్రెంచి పాఠమున నుండుటచే మరింత చిక్కుపడినది.

ఇట్టి ప్రశ్నకు మార్గదర్శకుడు కలడా యని ముందుగా వ్రాసి అడుగుదును. కలడన్నచో ఇల్లు మరికొన్నాళ్లు ఆగును. లేడన్నచో ఎంతటి పీఠమైనను నాకు దూరమే.