చందమామలు ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నాను

నా దగ్గరున్న పాత చందమామల్లో సగానికి పైగా ఈ ఏడాది అమ్మేయాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో పైసలకు కటకట రాలేదు, పుస్తకాల మీద ఇష్టమూ తగ్గలేదు. కొనేవాళ్ల వయసు చూసి ఈ నిర్ణయానికి వచ్చాను.

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి మద్రాసులో చందమామ మొదలుపెట్టింది 1947 జూలైలో. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. అరవైల్లో పదేళ్ల పిల్లగాడిగా దాన్ని చదివిన మనిషికి ఇప్పుడు డెబ్బై దగ్గరపడ్డాయి, లేదా దాటాయి. డెబ్బైల్లో చదివినవాళ్లు అరవైకి అటూ ఇటూగా ఉన్నారు. నా దగ్గర కొనేవాళ్లంతా ఇంచుమించు వీళ్లే. రిటైరయ్యారు, పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, చేతిలో కొంత సొమ్ము, బోలెడు తీరిక. అమెరికాలో స్థిరపడ్డ ఒకాయన తను పుట్టిన నెల సంచిక కావాలని అడిగి, నేను చెప్పిన ధరకు మారుమాట లేకుండా పంపాడు. అలాంటి బేరం ఇంకెన్నేళ్లు ఉంటుంది? ఆయన పిల్లలకు వపా వేసిన ముఖచిత్రం చూస్తే అందమైన బొమ్మ కనిపిస్తుంది, అంతే. దానికోసం నెలంతా ఎదురుచూసిన రోజులు వాళ్లకు లేవు. ఇంకో పదిహేనేళ్లకు, ఇవాళ కొంటున్నవాళ్ల అల్మారాలే అమ్మకానికి వస్తాయి. అప్పుడు సరుకు పెరుగుతుంది, అడిగేవాళ్లు తగ్గుతారు.

పాత వస్తువు ఎంత పాతబడితే అంత ధర అని మనలో చాలామంది నమ్మకం. దీనికి అమెరికా కామిక్సునే ఉదాహరణగా చూపిస్తారు. 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో అరవై లక్షల డాలర్లకు పోయింది. నిజమే. కానీ ఆ సంచికలోనే పుట్టిన సూపర్‌మ్యాన్ మీద నేటికీ సినిమాలు వస్తున్నాయి, ప్రతి తరంలోనూ కొత్త అభిమానులు తయారవుతున్నారు. పైగా ఆ రోజుల్లో పిల్లలు చదివి పారేశారు గనుక మిగిలిన ప్రతులు చాలా తక్కువ. అదే సూపర్‌మ్యాన్ చనిపోయే కథతో 1992లో వచ్చిన సంచికను జనం ముందుచూపుతో లక్షల ప్రతులు కొని, ప్లాస్టిక్ కవరు విప్పకుండా దాచుకున్నారు. అందరూ దాచుకున్నారు కాబట్టి దానికి ఇవాళ పెద్ద ధర లేదు. మన దగ్గర 1967లో మొదలైన అమర్ చిత్ర కథ ఇంకా అచ్చవుతోంది, దానికి కొత్త చదువరులు ఉన్నారు. చందమామకు ఆ ఆధారం తెగిపోయింది. నా లెక్కకు మూలం ఇదే.

కామారెడ్డిలో ఉద్యోగం చేస్తూ, సొంతూరు ఎల్లారెడ్డికి వచ్చిపోతూ ఈ కొనడం అమ్మడం సాగించాను. ఇక్కడ ఏ కాలం సంచికలు దొరుకుతాయన్నది ఈ ప్రాంతపు చరిత్ర మీద ఆధారపడింది. చందమామ పుట్టేనాటికి మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. బడి చదువు ఉర్దూలో. తెలుగు పత్రిక తెప్పించుకునే ఇల్లు ఊరికి ఒకటీ అరా ఉంటే గొప్ప. అందుకే నలభైల చివరి సంచికలు ఈ చుట్టుపక్కల నా కంటపడలేదు. యాభైల నాటివి దొరికినప్పుడల్లా అవి దాదాపుగా బాన్సువాడ, వర్ని వైపు క్యాంపుల్లోనే దొరికాయి. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఆ ఆయకట్టులో భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డ ఊళ్లు అవి. వాళ్లతోపాటు తెలుగు పత్రికలు చదివే అలవాటూ వచ్చింది. అరవైలు, డెబ్బైలవి మాత్రం టీచర్ల ఇళ్లలో, పోస్టాఫీసు, ఇరిగేషన్ ఉద్యోగుల ఇళ్లలో బాగానే దొరికేవి. పాత పెంకుటిల్లు కూల్చి స్లాబు వేస్తున్నారంటే అటక మీది సందుగ కిందికి దిగుతుంది. నేను వెళ్లాల్సిన సమయం అదే.

ఆ సందుగ సాధారణంగా రద్దీ దుకాణానికి పోతుంది. కిలోకు పదో పదిహేనో ఇస్తారు. అంతకుముందు రోజుల్లో బండి మీద వచ్చేవాళ్లు పాత కాగితాలకు ఉల్లిగడ్డలు తూచి ఇచ్చేవారు. ఎల్లారెడ్డిలో ఒక ముసలమ్మ బైండు చేయించిన చందమామలను గోనెసంచిలో నింపి రద్దీకి సిద్ధంగా పెట్టింది. తూకం ధరకే నాకూ ఇచ్చేది.

"అవ్వా, ఇవి కిలోల లెక్కన అమ్మేవి కావు" అన్నాను.

"పాత బుక్కులకు గంత పైసలు ఎవలిస్తరు బిడ్డా? నా కొడుకు సదివినయి. వాడే వద్దన్నడు."

కొడుకుకు ఫోను చేయించి, వీటిని నేను బయట ఎంతకు అమ్మగలనో చెప్పి, అందులో సగం ఇచ్చి తెచ్చుకున్నాను. మొదటినుంచీ నా పద్ధతి ఇదే. అమ్మజూపే ధరలో సగానికి కొంటాను, ఆ సంగతి అమ్మేవాళ్లకు ముందే చెబుతాను. తెలియనివాళ్ల దగ్గర రద్దీ ధరకు తెచ్చుకుంటే లాభం ఎక్కువే, కానీ నాకు ఆ సొమ్ము వద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అవ్వ కొడుకు తర్వాత తన దోస్తుల ఇళ్లకు నన్ను పంపాడు. చిన్న ఊళ్లో పేరే పెట్టుబడి. నాకు వచ్చిన మంచి కట్టలన్నీ ఎవరో ఒకరు చెప్పి పంపితే వచ్చినవే.

ధర గురించి చెప్పాలంటే సీరియళ్ల గురించి చెప్పాలి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు, ఈ బజారుకు ప్రాణం ఇవే. ఆ రోజుల్లో రచయిత పేరు కూడా అచ్చులో ఉండేది కాదు. పేరు తెలియకుండానే ఆయన్ను ప్రేమించిన పిల్లలు ముసలివాళ్లయ్యాక పేరు తెలుసుకుని మరీ వెతుక్కుంటున్నారు. ఒక్క విడి సంచికకు రెండు మూడు వందలు రావడం కష్టమైన చోట, ఒక సీరియల్ మొదలు నుంచి చివరిదాకా నెల తప్పకుండా ఉంటే మొత్తం ధర విడి ధరల కూడికకు రెండింతలు పలికిన సందర్భాలున్నాయి. నెలలన్నీ ఉండి ఒక్కటే తక్కువైన మనిషికి ఆ ఒక్క సంచిక ఎంతైనా ఇచ్చి కొనాలనిపిస్తుంది. అందుకని దొరికిన ప్రతి కట్టనూ విడగొట్టకుండా ముందు నెలలవారీగా పట్టిక రాసుకుంటాను. ఏది ఎవరికి ఖాళీ పూరిస్తుందో ఆ పట్టికలో తెలుస్తుంది.

బైండు విషయంలో కొనేవాళ్లు రెండు రకాలు. బైండింగులో అంచులు కోసేస్తారు, ముఖచిత్రం ఒక్కోసారి తీసేస్తారు. సంచిక యథాతథంగా కావాలనేవారికి అది నచ్చదు. కానీ బైండు చేయించినవాళ్లే వీటిని కాపాడారు. సీరియల్ పేజీలు మాత్రమే చించి కుట్టించుకున్న పుస్తకాలు కూడా నా దగ్గరకు వచ్చాయి. వాటిని తక్కువ ధరకే ఇస్తాను. నాకైతే అవి అన్నిటికంటే అపురూపం. ఒక పిల్లవాడు తనకు కావలసిన పుస్తకాన్ని తనే తయారుచేసుకున్నాడు.

ఇక అసలు లెక్క. 2015లో ఆరు వేలు పెట్టి ఒక కట్ట కొన్నాను. పదేళ్లలో కొంచెం కొంచెంగా అమ్మితే, కవర్లు, స్పీడ్ పోస్టు, బస్సు ఖర్చులు పోను పదిహేను వేల దాకా చేతికొచ్చింది. ఈ మాట వినగానే చుట్టాలు బాగుందే అంటారు. పీపీఎఫ్ వడ్డీ 2020 నుంచి 7.1 శాతం. ఆ లెక్కన పదేళ్లలో సొమ్ము రెండింతలవుతుంది, అంటే ఆరు వేలు పన్నెండు వేలు. దానికంటే నా కట్ట మెరుగే. బంగారంతో పోలిస్తే? 2015లో పది గ్రాములు ఇరవై ఆరు వేల చిల్లర, 2025లో లక్ష దాటింది. ఆరు వేల బంగారం ఇరవై రెండు వేలకు పైనే అయ్యేది. పైగా పీపీఎఫ్‌కు గానీ బంగారానికి గానీ దుమ్ము దులపక్కర్లేదు, ఫొటోలు తీసి పంపక్కర్లేదు, పేజీలు లెక్కపెట్టి చూసుకోనక్కర్లేదు. నా సాయంత్రాలకు కూలి కడితే ఆ కట్ట మీద మిగిలింది ఏమీ లేదు. ఆ సాయంత్రాలు నాకు సంతోషం కాబట్టి కూలి కట్టలేదు. కానీ ఎవరైనా దీన్ని పెట్టుబడిగా మొదలుపెడతానంటే ఆ కూలి కట్టి చూసుకోమంటాను.

నగదుగా మార్చుకోవడం ఇంకా పెద్ద విషయం. కామారెడ్డిలో గొలుసు పట్టుకుని బ్యాంకుకు పోతే ఆ పూటే లోను చేతికి వస్తుంది. చందమామల మీద ఏ బ్యాంకూ రూపాయి ఇవ్వదు. మా అమ్మాయి కాలేజీ ఫీజుకు ఒకేసారి పెద్ద మొత్తం కావలసి వచ్చినప్పుడు అల్మారా నిండా పుస్తకాలున్నాయి. అయినా వాటి జోలికి పోకుండా చిట్టీ పాటలో తోపు, అంటే వదులుకోవాల్సిన సొమ్ము, ఎక్కువైనా ఎత్తుకున్నాను. తొందరలో అమ్మితే పుస్తకాల మీద పోయేది ఆ తోపు కంటే ఎక్కువ. ఆ రోజునుంచి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పుస్తకాల ఖాతా వేరు, ఇంటి ఖాతా వేరు. అమ్మిన దాంతోనే కొనాలి, జీతంలోంచి అటు పైసా పోకూడదు. ఇంటి అవసరానికి పుస్తకాలను లెక్కలోకి తీసుకోకూడదు.

పాత చందమామల స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లో తిరగడం మొదలయ్యాక ధరలు పడిపోతాయని చాలామంది అనుకున్నారు. కథ కోసమే కొనేవాళ్లు నిజంగానే తగ్గారు, చిరిగిన సంచికలకు గిరాకీ పోయింది. శుభ్రంగా ఉన్నవాటి ధర మాత్రం నిలబడింది. తెర మీద చదివి, తను మరిచిపోయిన కథ ఏ నెలలో వచ్చిందో కనుక్కుని, ఆ సంచికే కావాలని వచ్చేవాళ్లు కొత్తగా తయారయ్యారు. ఆ స్కాన్లు చేసి పెట్టిన అభిమానులు తెలుగుకు చేసింది చిన్న మేలు కాదు. వాళ్ల శ్రమ లేకపోతే ఈ బజారు కూడా ఇప్పటికే చల్లబడేది.

పుస్తకాలతోపాటు సందుగల్లోంచి వేరే వస్తువులూ వస్తాయి. సినిమా పాటల పుస్తకాలు, నిజాం హాలీ సిక్కా నాణేలు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన విజయా సంస్థ కూడా నాగిరెడ్డి చక్రపాణిలదే కాబట్టి ఆ పాటల పుస్తకాలను చందమామ కొనేవాళ్లే అడుగుతారు. నిజాం వెండి రూపాయిలో ఒక ధైర్యం ఉంది. దాని బరువు సుమారు 11.18 గ్రాములు, నలభైలకు ముందు వాటిలో 81.8 శాతం వెండి, అంటే తొమ్మిది గ్రాములకు పైగా. సేకరించేవాడు ఒక్కడూ లేకపోయినా వెండి ధర అయితే వస్తుంది. కాగితానికి అలాంటి అడుగు లేదు, కిందపడితే రద్దీ ధరకే పడుతుంది. అందుకే నాణేలు ఉంచుతున్నాను, కాగితం అమ్ముతున్నాను.

నాణేల పేరుతో మోసాలూ ఎక్కువ. ఫలానా పాత నోటుకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్లు వస్తాయి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఏ ఫీజూ అడగమని. మా వీధిలో ఎవరికి ఫోన్ వచ్చినా ఆ ప్రకటన చూపిస్తాను. కొనేవాడు అమ్మేవాడిని ముందు డబ్బు కట్టమన్నాడంటే అక్కడ బేరం లేదు. సందుగల్లో తాళపత్రాలు కనిపిస్తే మాత్రం నేను ముట్టుకోను. విలువైన రాతప్రతి డెబ్బై ఐదేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వ్యాపారానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు.

ఇక ఈ ఏడాది ఏవి పోతాయి, ఏవి ఉంటాయి? డెబ్బైల చివరివి, ఎనభైలవి మొదట పోతాయి. అవి చాలా ఇళ్లలో ఉన్నాయి, రేపు మరీ ఎక్కువగా బయటకొస్తాయి. రెండేసి ఉన్నవాటిలో అదనపు ప్రతులన్నీ పోతాయి. పూర్తి సీరియళ్లలో ఒక్కటి మాత్రం ఉంచుకుని మిగతావి అడుగుతున్నవాళ్లకు ఇస్తున్నాను, విడగొట్టి అమ్మబోమని మాట తీసుకుని. ఆ మాటకోసం ధర కొంత తగ్గించాను కూడా. వచ్చిన సొమ్ము మా ఆవిడ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్టుకు పోతుంది. ఇన్నేళ్లు ఒక గది గోడంతా పుస్తకాలకు వదిలి, రామబాణం పురుగు పట్టకుండా డాంబర్ గోళీలు మార్చింది ఆమే.

మిగిలేవాటికి ఒక నోటుబుక్కు రాసి పెట్టాను. ఏ సంచిక ఏ అరలో ఉంది, ఎంతకు కొన్నాను, ఎంతకు తక్కువైతే అమ్మకూడదు, ఎవరిని అడగాలి. నేను లేనప్పుడు మా ఇంటి సందుగ కూడా ఆ అవ్వ గోనెసంచి దారి పట్టకూడదు. బొమ్మలు బాగా వచ్చిన యాభైల సంచికలు కొన్నిటిని అమ్మకుండా ఎల్లారెడ్డి గ్రంథాలయానికి ఇవ్వాలని ఉంది. తాళమేసే అద్దాల బీరువా ఉంటేనే ఇస్తానని చెప్పాను. బీరువా సంగతి తేలకపోతే బీరువా కూడా నేనే కొనిస్తాను. దాని ఖర్చు పుస్తకాల ఖాతాలోంచే.