ఉప్పుకాలువ మీద ఉత్తరముగా

రైలెక్కినచో ఒక్క రాత్రిలో నెల్లూరు దాటిపోవచ్చునని తెలిసియు, చెన్నపట్టణమున బేసిన్‌బ్రిడ్జి కడ సరుగుడు కట్టెలు దింపి తేలికపడి యింటిముఖము పట్టిన పడవలో చోటడిగి, బకింగుహాము కాలువ వెంట పెద్దగంజాము వరకు పోవ నిశ్చయించితిని. ఫాల్గుణము కడపట మొదలగు దక్షిణపు గాలి ఉత్తరమునకు పోవువారికి అనుకూలమనియు, గాలి పడిపోయినచో గట్టుమీద నడచుచు తాటితో లాగువారు గలరనియు సరంగు ధైర్యము చెప్పెను. నీటి సంగతి మాత్రము ముందే హెచ్చరించెను: "కుండ నిండా తెచ్చుకోండి సామీ, కాలవ నీళ్లు నోట పెట్టేదానికి లేదు."

ఎన్నూరు వరకు గల తొలి భాగమును 1806లో బాసిల్ కాక్రేన్ దొర త్రవ్వించెను. తరువాత సర్కారువారు దానిని ముక్కముక్కలుగా ఉత్తర దక్షిణములకు పొడిగించుచుండగా ధాత కరువు వచ్చిపడెను. ఆ 1876-78 సంవత్సరముల క్షామములో కూలిగింజల కొరకు వచ్చిన ఆర్తజనుల చేత కూవము, అడయారు నదుల నడుమనున్న లంకెను త్రవ్వించి, మొత్తమునకు నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు పెట్టిరి. ఆయన మోసినది గంపెడు మన్నయినను కాదు.

ప్రళయకావేరి యనెడి పులికాటు సరస్సు చేరునప్పటికి గట్లు దూరమై, ఆకాశము దిగివచ్చి నీటితో కలసినట్లు తోచెను. డచ్చివారు 1613లో కోట కట్టుకొని వర్తకమేలిన పులికాటు రేవు నేడు బెస్తల పల్లె. వారి వైభవమునకు మిగిలినది పుర్రెబొమ్మలు చెక్కిన సమాధిరాళ్లు. శీతకాలపు పక్షులు చాల భాగము వెడలిపోయినను, గులాబిరెక్కల పొడుగుకాళ్ల గుంపొకటి లోతులేని నీటిలో తలలు వంచి మేయుచుండెను. పడవవాండ్రు గెడలు వేయుట మాని ఒక నిమిషము చూచిరి గాని, అది నాకొరకు చేసిన మర్యాదయో, అలసట తీర్చుకొనుటయో చెప్పజాలను.

శ్రీహరికోట వైపు దిగినప్పుడు నా కుండ అడుగంటెను. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కాలువ, రెండును ఉప్పు. వాని నడుమ ఇసుకదిబ్బపై యానాది ముసలమ్మ యొకతె రెండు చేతులతో చెలమ తోడి, ఊరినది ఊరినట్లు కొబ్బరిచిప్పతో నా కుండలోనికి ఎత్తి పోసెను. ఇసుకలోనికి ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై తేలి నిలుచునని పుస్తకములలో చదివియుంటిని. ఎంత లోతున తియ్యదనము ముగియునో ఆమె వ్రేళ్లకు తెలియును. మూరెడు దిగగానే చెయ్యి తీసివేసి, "ఇంక తోడితే చేదైపోద్ది నాయనా" అనెను.

అక్కడినుండి కాలమానము మాది కాదు. పోటు వచ్చినప్పుడు నడక, పాటులో అడుగు బురదకు తగిలి నిలుపు. పెన్నవంటి నదిని అడ్డముగా దాటవలసినచోట ఈ దరి లాకులో దిగి, ఆ దరి లాకులో ఎక్కవలసివచ్చెను; లాకు తలుపు తెరచువఱకు సరంగు తిట్టని దేవుడు లేడు. కృష్ణపట్టణము, ఇసకపల్లి, రామాయపట్టణము, కొత్తపట్టణము ఒకదాని వెనుక నొకటి కదలిపోయెను. తాటాకులు కప్పిన ఉప్పురాసులు, ఉప్పునీటిమీద ఉప్పు నింపుకొని ఎదురువచ్చు పడవలు తప్ప ఆ దారిలో చెప్పదగినది విశేషముగా లేదు.

పెద్దగంజాము లాకు కడ కొమ్మమూరు కాలువగుండ కృష్ణనీరు వచ్చి కలియును. పడవవాండ్రందఱును ఒక్కుమ్మడి దూకిరి. ఒంటికి పేరుకొన్న ఉప్పు వదలునట్లు మునిగి, పుక్కిలించి, త్రాగిరి. సరంగు కుండలోని మిగులును పారబోసి కొత్తనీరు ముంచుకొని, సుంకము గూర్చి లాకు గుమాస్తాతో వాదమునకు దిగెను. నేను మూట యెత్తుకొని దుగ్గిరాల పడవ యెప్పుడు కదలునో కనుగొన బోతిని.