గూగుల్ పెద్దదా, గవర్నమెంటు పెద్దదా?

డిగ్రీ రెండో ఏడాది కుర్రాడొకడు వక్తృత్వ పోటీకి తయారవుతూ నన్నడిగిన ప్రశ్న ఇది. పుస్తకం జవాబు చెప్పడం తేలికే. 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కి 1,337 కోట్ల జరిమానా వేసింది. 2021 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా కొత్త చట్టం తెస్తుంటే ఫేస్‌బుక్ అక్కడ వార్తలు కనిపించకుండా ఆపేసింది. సవరణలకు ప్రభుత్వం ఒప్పుకున్నాకే తెరిచింది. ఒకసారి వీళ్లది పైచేయి, ఒకసారి వాళ్లది.

ఈ తూకంలో మనం ఎక్కడున్నాం అన్నది ఆ జవాబులో లేదు.

మా చేజర్ల వైపు పేదలకిచ్చిన సర్కారు భూమిని డీకేటీ పట్టా అంటాం. విశాఖలో డీ పట్టా అంటారు. మా జేజికి అలాంటిది ఎకరంన్నర ఉండేది. ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో, ఉన్న ఒక్క పట్టుచీర మడతలో దాచేది. దున్నుకోవచ్చు, బిడ్డలకివ్వొచ్చు, అమ్మకూడదన్నది అప్పటి నియమం. 1977 చట్టం పెట్టిన ఆ అడ్డు వల్లే అప్పు కింద భూమి రాయించుకునేవాళ్ల నుంచి కొంతైనా మిగిలింది, నిజమే. కానీ ఇచ్చిన ప్రభుత్వమే ప్రజావసరం అని చెప్పి వెనక్కి తీసుకోవచ్చని కూడా షరతు ఉంది.

ఇప్పుడు విశాఖకు రండి. 2025 అక్టోబర్ 14న గూగుల్ అక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి ఆ డేటా సెంటర్లకు చూసిన చోట్లు. 22 వేల కోట్ల రాయితీలు ఇస్తున్నారని కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శిస్తే, మన మంత్రులు ఎదురు జవాబిచ్చారు. రెండు రాష్ట్రాలు అలా కొట్లాడుకుంటుంటే కంపెనీ బేరం ఆడాల్సిన పనేముంది?

తర్లువాడలో అసైన్డ్ భూములు సాగు చేసుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లతో గూగుల్ ఒక్క ముక్క మాట్లాడనక్కర్లేదు. తహసీల్దారు మాట్లాడతాడు, సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తాడు, వెనక పోలీసు ఉంటాడు. ఒప్పందం బల్ల దగ్గర "మీకేం కావాలి" అని అడిగే ప్రభుత్వమే పొలం గట్టు మీద "మీకిదే ఎక్కువ" అంటుంది. కంపెనీ ముందు ప్రభుత్వం బలహీనపడిందని మేధావులు రాస్తుంటే నాకు నవ్వొస్తుంది. దాని బలం ఎక్కడికీ పోలేదు, మన వైపు తిరిగిందంతే.

ఉద్యోగాలు వద్దనడం లేదు. నా దగ్గర చదివిన పిల్లలు చెన్నైకీ బెంగళూరుకీ బస్సెక్కేవాళ్లే. అయితే డేటా సెంటరంటే ఎక్కువగా యంత్రాలు, కరెంటు, నీళ్లు. కట్టడం అయ్యాక అందులో మనుషుల పని తక్కువ.

ఆ కుర్రాడికి మేకల పాండు కేసు చదవమని చెప్పాను. అసైన్డ్ రైతుకూ సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది అందులోనే. మీరూ చదవండి. విశాఖ వైపు ఉన్న విద్యార్థులెవరైనా తర్లువాడ వెళ్లొస్తే, ఎవరికి ఏ నోటీసు ఇచ్చారో, అందులో ఏ చట్టం పేరు రాశారో అడిగి నాకు రాయండి. వచ్చే వారం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.