పన్నెండో చుట్టు

1972 సెప్టెంబరు 3. మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల తుది పరుగు. మొత్తం ఇరవై అయిదు చుట్లు. పన్నెండో చుట్టులో లాస్సే విరెన్ అనే ఫిన్లాండు యువకుడు తడబడి నేలకూలాడు. వెనుకనే వస్తున్న ట్యునీషియా వీరుడు మొహమ్మద్ గమ్ముదీ అతణ్ణి తట్టుకుని తానూ పడిపోయాడు. గమ్ముదీ సామాన్యుడు కాడు. 1968 మెక్సికో క్రీడల్లో అయిదువేల మీటర్ల స్వర్ణ విజేత. లేచి కొంతదూరం పరుగెత్తి, పోటీనుండి తప్పుకున్నాడు. విరెన్ కూడా లేచాడు. ఒక చుట్టు తిరిగేలోపే గుంపును అందుకున్నాడు. 27 నిమిషాల 38.4 సెకన్లలో గమ్యం చేరి, 1965 నుండీ రాన్ క్లార్క్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డును ఒక్క సెకను తేడాతో చెరిపేశాడు.

ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నా కళ్ళు గమ్ముదీనే వెతుకుతాయి. సరిగ్గా వారానికి అయిదువేల మీటర్లలో వాళ్ళిద్దరూ మళ్ళీ తలపడ్డారు. విరెన్‌కు స్వర్ణం, గమ్ముదీకి రజతం.

విరెన్‌ది మిర్‌స్కులా అనే చిన్న ఊరు. వృత్తి పోలీసు ఉద్యోగం. ఆ సంగతి తెలిశాక, తెల్లవారుజామున మా టేకులపల్లి రోడ్డుమీద కానిస్టేబులు కొలువు కోసం పరుగులు తీసే కుర్రాళ్ళు నాకు మరోలా కనిపించసాగారు. 2022 నియామకాల్లో పురుషులకు పెట్టిన పరీక్ష 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లలో. మ్యూనిక్‌లో విరెన్ సగటు వేగానికి ఆ దూరం 4 నిమిషాల 25 సెకన్ల పని. అలాంటివి ఆరింటికి పైగా, ఏకబిగిన, నడుమ ఒకసారి పడిలేచి! ఈ లెక్క చెబితే ఒక కుర్రవాడు, "ఆయనకు అప్పటికే ఉద్యోగం ఉంది కద సార్, ఇంకేం భయం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తరువాతి మూడేళ్ళూ విరెన్ పెద్దగా గెలిచింది లేదు. 1976లో మాంట్రియల్‌కు వెళ్ళి ఆ రెండు స్వర్ణాలనూ మళ్ళీ గెలుచుకున్నాడు. అంతకుముందు ఎవరికీ సాధ్యపడని ఘనత అది. అనుమానాలు మొదలయ్యాయి. తన రక్తాన్నే తీసి దాచి, పోటీకి ముందు తిరిగి ఎక్కించుకున్నాడని కొందరన్నారు. ఆ పద్ధతిపై అప్పటికి నిషేధం లేదు. విరెన్ ఎన్నడూ ఒప్పుకోలేదు, రుజువూ కాలేదు. అయితే 1980 మాస్కోలో పతకాలు గెలిచిన అతని దేశస్థుడు కార్లో మానిన్‌కా, తాను రక్తం ఎక్కించుకున్నట్లు తరువాత ఒప్పుకున్నాడు. కనుక ఆ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. సాధన అంతా ఒలింపిక్స్ నాటికి పండేలా కూర్చుకున్నామన్న అతని సమాధానాన్నీ తోసిపుచ్చలేను. మా అడవిలో ఇప్పచెట్టు ఏడాది పొడుగునా పూయదు. అంతమాత్రాన ఆ పూతను ఎవరూ శంకించరు.

మాంట్రియల్‌లో జూలై 30న అయిదువేల మీటర్లు గెలిచాడు. మరునాడే, జీవితంలో తొలిసారిగా, మారథాన్‌కు నిలబడ్డాడు. ఆ మూడు పరుగులనూ ఒకే ఒలింపిక్స్‌లో గెలిచినవాడు 1952 హెల్సింకీలో జాటోపెక్ ఒక్కడే. విరెన్ 2 గంటల 13 నిమిషాల 11 సెకన్లలో పూర్తిచేసి, అయిదో స్థానంలో నిలిచాడు.