ఏడాది తర్వాతి ఎక్స్‌రే

విరిగిన కాళ్ళ మీద పరిశోధన అనగానే ఆపరేషన్ థియేటరే అందరికీ గుర్తొస్తుంది. మాకు జవాబు దొరికేది అక్కడ కాదు. విరిగిన ఎముకలో రాడ్ వేశాక ఆరో వారం, మూడో నెల, ఆరో నెల, ఏడాదికి రోగి మళ్ళీ రావాలి. ఎక్స్‌రే తీయించుకుని, ఎదురుగా నాలుగడుగులు వేసి చూపించాలి. అప్పుడే ఎముక అతికిందో లేదో, ఏ పద్ధతి మేలో తెలుస్తుంది. 2020లో బీదర్‌లో మాకు తెగిపోయింది ఆ రాకపోకలే.

నేను ఎముకల డాక్టర్ని. చర్మం చీలి టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) బయటపడ్డ గాయాలు, అంటే ఓపెన్ ఫ్రాక్చర్లు, ఎలా మానుతున్నాయో రాసుకుంటూ వచ్చాను. వాటికి ఇక్కడ కరువు లేదు. పుణె–హైదరాబాద్ హైవే మా జిల్లాలో హుమ్నాబాద్ మీదుగా పోతుంది. దాని మీద గాయపడ్డవాళ్ళే కాదు, ఇప్పుడు తెలంగాణలో ఉన్న జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు పల్లెల వాళ్ళూ మా దగ్గరికే వస్తారు. 1956 దాకా ఆ తాలూకాలు బీదర్ జిల్లాలోవే. రాష్ట్రాలు మారినా వాళ్ళ ఆసుపత్రి దారి మారలేదు. ఓపీలో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి.

దేశంలో నమోదైన తొలి కోవిడ్ మరణం 2020 మార్చిలో మా పక్క జిల్లా కలబురగి మనిషిది. ఆ నెల 25 నుంచి లాక్‌డౌన్. రాష్ట్ర సరిహద్దుల్లో చెక్‌పోస్టులు లేచాయి. పొరుగూరికి పోవాలన్నా పాసు కావాల్సి వచ్చింది.

గాయాలు తగ్గాయి కానీ ఆగలేదు. దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 2019లో 1,51,113 మంది, 2020లో 1,31,714 మంది చనిపోయారు. అయితే మాకు లెక్క కన్నా గాయం తీరు ముఖ్యం. లారీ గుద్దినవాళ్ళు తగ్గి, చెట్టు మీంచి పడ్డవాళ్ళు, బావి గట్టు జారినవాళ్ళు, ట్రాక్టర్ తిరగబడ్డవాళ్ళు కనిపించసాగారు. వాళ్ళు కూడా ఆలస్యంగా వచ్చేవారు. బండి దొరక్క కొందరు, దవాఖానకు పోతే కరోనా అంటుతుందని కొందరు, ముందు నాటు కట్టు కట్టించుకుని ఇంకొందరు. ఓపెన్ ఫ్రాక్చర్‌లో మొదటి యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది. కాబట్టి 2019 రోగినీ 2020 రోగినీ పక్కపక్కన పెట్టి, ఫలానా పద్ధతిలో చీము ఎక్కువ పట్టిందని తేల్చటానికి వీల్లేదు. పద్ధతి అదే, మనిషి మా దాకా వచ్చిన తీరు వేరు.

రాలేనివాళ్ళకు ఫోన్ చేశాం. "కాలెట్లుంది అన్నా?" అని అడిగితే, "మంచిగనే ఉంది సార్, కట్టె లేకుంటనే నడుస్తున్న" అనేవారు. ఆ మాట విని సంతోషించాను, కానీ ఎముక అతికిందని రాయలేకపోయాను. లోపల రాడ్ బరువు మోస్తుంటే అతకని ఎముకతోనూ మనిషి కొన్ని నెలలు నడుస్తాడు. చివరికి రాడ్డే విరుగుతుంది. టిబియా అతకటాన్ని మేం రస్ట్ అనే స్కోరుతో కొలుస్తాం. రెండు కోణాల్లో ఎక్స్‌రే తీసి, ఎముక నాలుగు వైపులా చూసి, ఒక్కో వైపుకు ఒకటి నుంచి మూడు మార్కులు వేస్తాం. కిటికీకి ఆనించి తీసిన ఒక్క ఫిల్ము ఫొటో వాట్సాప్‌లో వస్తే అందులో రెండు వైపులే కనిపిస్తాయి.

అన్నిటికన్నా నన్ను వేధించింది, రానివాళ్ళు ఎవరన్నది. సరిహద్దు అవతలివాళ్ళు, బస్సు తప్ప దిక్కులేనివాళ్ళు, ఒక్కరోజు కూలి పోయినా ఇల్లు గడవనివాళ్ళు. వచ్చినవాళ్ళలో సొంత బండి ఉన్నవాళ్ళు కొందరు, చీము కారి తట్టుకోలేక వచ్చినవాళ్ళు కొందరు. అలా మిగిలిన లెక్కలో కలిగినవాళ్ళ కాలు బాగుపడ్డట్టూ, మిగతా అందరి కాళ్ళూ చెడిపోయినట్టూ కనిపిస్తుంది. రెండూ నిజం కావు.

పెద్ద ఆసుపత్రులదీ ఇదే కథ. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌ను 2020లో కోవిడ్‌కు ఇచ్చి, ప్రమాద కేసులను ప్రధాన ఆసుపత్రికి మార్చారు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి కొన్ని నెలలు కోవిడ్‌కే పరిమితమైంది. ఎముకల విభాగంలో పీజీ చేస్తున్న పిల్లలు కోవిడ్ వార్డుల్లో డ్యూటీలు చేశారు, చేయాల్సిందే. వాళ్ళ థీసిస్ రోగులు మాత్రం ఇళ్ళలో ఉండిపోయారు.

అదే కాలంలో బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించే రికవరీ ట్రయల్ మార్చిలో మొదలై, డెక్సామెథసోన్ ప్రాణాలు నిలుపుతుందని జూన్ 16 నాటికే చెప్పేసింది. అది చూసి ఎంత సంబరపడ్డానో. కానీ అది 28 రోజుల్లో బతికారా లేదా అన్న ప్రశ్న. ట్రామాలోనూ అలాంటివి ఉన్నాయి. రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్‌ను పరీక్షించిన క్రాష్-2లో 40 దేశాల్లో 20,211 మంది పాల్గొన్నారు, అందులో చూసింది నాలుగు వారాల్లోపు మరణాలను. ఆ కాలు మళ్ళీ పొలంలో నిలబడుతుందా అన్న ప్రశ్నకు ఏడాదికి పైగా పడుతుంది. నలిగిన కాలిని కాపాడాలా తీసేయాలా అని నిర్ణయించటానికి కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో రాజశేఖరన్ గారి బృందం 2006లో ప్రచురించిన స్కోరును మేం రోజూ వాడతాం. రోగుల వెంట ఏళ్ళ తరబడి పడితే గానీ అలాంటి పని పుట్టదు. మహమ్మారి తుంచేసేది సరిగ్గా ఈ దీర్ఘకాలపు పరిశోధననే. కూలి చేసుకునేవాడికి కావలసిన జవాబులన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఇప్పుడు డిశ్చార్జి రోజునే ఇంట్లో ఇద్దరి నంబర్లు, ఊరి ఆశా కార్యకర్త నంబరు, దగ్గరలో ఎక్స్‌రే తీసే చోటు రాయించుకుంటున్నాం. రెండు కోణాలూ ఎలా తీయాలో చీటీ మీద రాసి ఇస్తున్నాం. దెబ్బ తగిలిన గంట, చేరిన గంట విడివిడిగా నింపుతున్నాం. థీసిస్ రాసే పిల్లలు 2020 వరుసలు తీసేద్దామా సార్ అని అడుగుతుంటారు. తీయవద్దంటాను. ఫాలోఅప్‌కు రాలేదని వదిలేయకుండా, ఫోన్ చేసి కారణం కనుక్కుని ఎదురుగా రాయమంటాను: చెక్‌పోస్టులో ఆపారు, బస్సు లేదు, కూలి పోతుందని రాలేదు, వేరే ఊళ్ళో ఆపరేషన్ మళ్ళీ చేయించుకున్నాడు.