ఇంకా ఏమీ కానివారి సంతకాలు

సంతకం అడగడానికి మనకొక వరస ఉంది. ముందు మనిషికి పేరు రావాలి, ఆ తరువాతే మనం పుస్తకం పట్టుకుని వెంటపడాలి. అక్కినేని అయినా, అజహరుద్దీన్ అయినా అంతే. పేరు రాకముందే కుర్రాళ్ళ చేత సంతకాలు చేయించి, పెట్టెల్లో పెట్టి అమ్ముతారని మొన్న వేసవి దాకా నాకు తెలియదు.

అమెరికా నుంచి పట్టిసీమ వచ్చిన మా అక్క కొడుకు, మా వీధి అరుగు మీద కూర్చుని అలాంటి పెట్టె ఒకటి విప్పాడు. అరచేతిలో ఇమిడేంత పెట్టె. లోపల తళతళలాడే పొట్లాలు, వాటిలో బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు. ఒకే ఒక్క దాని మీద నీలి సిరా సంతకం. మన చిన్నతనంలో బిగ్‌ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ బొమ్మలు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఆ బొమ్మల్లోని వారు అప్పటికే పేరున్నవారు. వీడి కార్డుల్లోని వారు ఇంకా ఏమీ కాలేదు.

“వీళ్ళు ప్రాస్పెక్ట్స్, మావయ్యా. పెద్ద లీగుకి వెళ్తే దీనికి చాలా రేటొస్తుంది.”

“వెళ్ళకపోతే?”

వాడు నవ్వేసి ఊరుకున్నాడు.

లెక్క అడిగాను. పెద్ద లీగులో 30 జట్లు, జట్టుకు మామూలుగా 26 మంది. వెరసి 780 స్థానాలు. 2021 నుంచి డ్రాఫ్టులో 20 విడతలు, అంటే ఏటా ఆరువందల పైచిలుకు కొత్తవారు. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల కుర్రాళ్ళు వీరికి అదనం. శివరాత్రి తీర్థంనాడు వీరభద్రస్వామి గుడికి వెళ్ళే పడవ నిండిపోయినా, రేవులోకి జనం దిగుతూనే ఉంటారు చూడండి, అలా ఉంది.

ఈ లెక్క నేను ఊరికే అడగలేదు. వీడు కూడా బంతి విసిరేవాడే. “చదువు వదిలేసేలా ఉన్నాడు, నువ్వైనా చెప్పరా” అని అక్క అంతకుముందే ఫోనులో బతిమాలింది.

“వీళ్ళలో మనవాళ్ళెవరైనా ఉన్నారా?” అన్నాను. కుమార్ రాకర్ కథ చెప్పాడు. తల్లి లలిత భారతీయ సంతతి. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంచుకుని, వైద్యపరీక్షల తరువాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడు టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. చివరికి 2024 సెప్టెంబరులో పెద్ద లీగులో అడుగుపెట్టాడు.

మేనల్లుడి కళ్ళకు ఆ చివరి వాక్యమే కనిపిస్తోంది. నాకు మోచెయ్యి కనిపించింది. ఎవరో పిల్లవాడి నొప్పి, ఎక్కడో మరొకరి పెట్టెలో ధరగా మారుతుందన్నమాట!

సంతకమున్న కార్డును వాడు ప్లాస్టిక్ తొడుగులో భద్రపరిచాడు. మిగతావి “ఎవరికీ అక్కర్లేదు” అంటూ పక్కకు నెట్టాడు. ఒకటి తీసి వెనక్కి తిప్పాను. పుట్టిన తేదీ, ఊరు, ఎత్తు, బరువు. ఆ ఊళ్ళోనూ ఒక తల్లి ఎవరినో బతిమాలే ఉంటుంది.

ఆట మానెయ్యమని నేను చెప్పలేదు. పడవ నిండిందని చెప్పినంత మాత్రాన రేవు నుంచి వెనక్కి తిరిగే వయసు కాదది. చెప్పింది ఒక్కటే: “మోచెయ్యి నొప్పెడితే అమ్మ దగ్గర దాచకు.” సరేనన్నాడు.

అక్కకు ఆ జవాబు చాలలేదు. మీరైతే ఏం చెప్పి ఉండేవారు?